దూదిలో చుట్టిన ర్యామ్

పర్చూరులో పరుపుల బుడాన్ ఇల్లు ఏదని అడిగితే చిన్నపిల్లలు తెలియదంటారు. పెద్దవాళ్ళు మాత్రం నడుం మీద చెయ్యి వేసుకుని మరీ దారి చెబుతారు. ఒకప్పుడు ఆ నడుములన్నీ ఆయన ఏకిన దూది మీద వాలినవే మరి. ఇప్పుడు ఇంటింటికీ స్పాంజి పరుపులొచ్చాయి. ఒత్తితే దిగుతాయి, వదిలితే లేస్తాయి, వాటికేం రోగం! బుడాన్ దూది ఏకే విల్లు మాత్రం ఎనిమిదేళ్ళుగా గోడకి వేలాడుతోంది. గాలి గట్టిగా వీచినప్పుడు దాని నరం తనంతట తనే జుమ్మని మోగుతుంది. అలా మోగినప్పుడల్లా ఎవరో పిలిచినట్టు ఆయన తలెత్తి చూస్తాడు.

ఆయనకి డెబ్బై నిండాయి. మనిషెప్పుడూ సగం నిద్రలో ఉన్నట్టే ఉంటాడు. "ఈయన కళ్ళు మూసుకుంటే గురక, తెరిస్తే కల. మెలకువ అనేది ఎప్పుడుంటదో నలభై ఐదేళ్ళ కాపురంలో నాకు తెలిసి చావలా" అంటుంది భార్య ఖుర్షిదా. ఆవిడ నోటికి ఊళ్ళో అందరికీ భయమే. బుడాన్‌కి మాత్రం భయం లేదు, ఎందుకంటే సగం మాటలు ఆయన చెవిన పడవు.

ఆయన పూర్తిగా మేలుకుని ఉండేది ఒక్క మనవరాలి విషయంలోనే. ఆ పిల్ల పేరు ఫిజా, ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. వాళ్ళ నాన్న అస్లాం మిర్చి లారీ తోలుతూ నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. అమ్మ నజ్మీన్ సీజన్ వచ్చిందంటే ఆదివారం కూడా చూడకుండా మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతుంది. అందుకని ఫిజా పెరిగిందంతా తాత ఒళ్ళో, తాత దూదిలో. చిన్నప్పుడు దానికి రోజూ ఒక ఉద్యోగం ఉండేది. సాయంత్రం తాత విల్లు దించేసరికి ఆయన జుట్టూ మీసం కనుబొమలూ తెల్లటి నూగుతో నిండిపోయి ఉండేవి. ఫిజా దిండ్ల గుట్ట ఎక్కి నిలబడి, "తాతా, కదలొద్దు" అని గదమాయించి, కనుబొమల మీది నూగు ఒక్కొక్కటే చిటికెన వేలితో తీసేది. ఆఖరి పోగు అరచేతిలో పెట్టుకుని ఉఫ్‌మని ఊదేది. కూలి కింద బెల్లం ముక్క.

ఇప్పుడా పిల్ల లాప్‌టాప్ మీద బొమ్మలు గీసి, వాటిని కదిలించి, ఆరు నిమిషాల సినిమా తయారుచేస్తోంది. బొమ్మలు నేర్పే పెద్ద కాలేజీ ఒకటి ఉందట, ఎవరి బొమ్మ బాగుంటే వాళ్ళకే సీటు ఇస్తారట. ఆదివారం సాయంత్రం ఆరింటిలోపు సినిమా పంపాలి. ఆరు దాటి ఒక్క నిమిషమైనా తీసుకోరు. అందులో వినిపించే చప్పుడంతా బుడాన్ విల్లుదే. ఒక మధ్యాహ్నం ఆయన విల్లు దించి మీటుతుంటే ఫిజా ఫోన్లో పట్టుకుంది. సినిమా మాత్రం ఆయనకి చూపించలేదు. చూపిద్దామన్నా నాలుగో నిమిషం దాకా నడిచి, అక్కడ తెర బిగుసుకుపోయి, చిన్న చక్రం ఒకటి గిర్రున తిరగడం మొదలుపెట్టేది. ఆ చక్రం వైపు పిల్ల చూసే చూపు బుడాన్ గమనించాడు. సీటు రాకపోతే ఏడుస్తుందని కాదు ఆయన భయం. ఏడవకుండా 'పోనీలే తాతా' అనేసి, మళ్ళీ బొమ్మ అనేదే గియ్యదేమోనని.

శుక్రవారం సాయంత్రం ముస్తాక్‌ని పిలుచుకొచ్చారు. ముస్తాక్‌ది బస్టాండ్ దగ్గర సెల్‌ఫోన్ల షాపు, ముప్పై ఏళ్ళుంటాయి, నోరూ చేతులూ రెండూ చురుకే. లాప్‌టాప్ బోర్లించి, మరలు విప్పి, లోపలికి చూసి నవ్వాడు.

"ఇది పదేళ్ళనాటిది ఫిజా. దీంట్లో ర్యామ్ నాలుగు జీబీనే. నీ సినిమాకి ఇది చాలదమ్మా. పక్కన ఇంకో గాడి ఖాళీగా ఉంది, అందులో ఇంకో నాలుగు వేసుకుంటే సుబ్బరంగా నడుస్తది."

"ర్యామ్ అంటే ఏందిరా?" అని అడిగాడు బుడాన్.

"ఎట్టా చెప్పేది బాబాయ్... నీ సామానంతా బీరువాలో ఉంటది గదా, అది వేరే. పని చేసేటప్పుడు తీసి కింద పరుచుకుంటావు చూడు, ఆ చాప లాంటిది ర్యామ్. చాప చిన్నదైతే పని సాగదు."

"ఓసింతేనా" అన్నాడు బుడాన్. రెండు పరుపుల దూది ఒక్క అరుగు మీద ఏకాలంటే ఎంత అవస్థో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ ర్యామ్ ముస్తాక్ దగ్గర లేదు. ఆన్‌లైన్‌లో పెడితే బుధవారానికి గానీ రాదు. ఇక గుంటూరే దిక్కు. శనివారం ఫిజాకి కాలేజీలో ప్రాక్టికల్ పరీక్ష. ముస్తాక్ షాపు వదిలి రాలేడు. "నే పోతా" అన్నాడు బుడాన్. ఖుర్షిదా నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ముస్తాక్ చీటీ మీద 'డీడీఆర్ త్రీ, నాలుగు జీబీ, లాప్‌టాప్‌ది' అని రాసిచ్చాడు.

బుడాన్ ఆ చీటీ అటూ ఇటూ తిప్పాడు. "చీటీ వద్దురా. ఉన్నదాన్ని ఊడదీసి ఇవ్వు, నమూనా పట్టుకెళ్తా."

ఇదిగో, ఇది ఆయన వృత్తి నేర్పిన చాదస్తం. పాత పరుపు విప్పి, తగ్గిన దూదికి కొత్త దూది కలిపి కుట్టేటప్పుడు, రెండింటి పింజ, అంటే పోగు పొడుగు, ఒకటే అయి ఉండాలి. పొడుగు పింజలో పొట్టి పింజ కలిస్తే ఆర్నెల్లకి పరుపు ముద్దలు కడుతుంది. అందుకని పరుపు మూల విప్పి పిడికెడు పాత దూది తీసి, చేత్తో పట్టుకుని మిల్లుకి వెళ్ళాలి, పోగుకి పోగు సరిచూసి తెచ్చుకోవాలి. ముప్పై ఏళ్ళ కిందట ఒక్కసారి బద్ధకించి చీటీ నమ్మాడు. ఆ పరుపు యలమందయ్య అనే మిర్చి రైతుది. ఆర్నెల్లు తిరక్కుండానే యలమందయ్య పరుపు భుజాన వేసుకొచ్చి, బుడాన్ వాకిట్లో పరిచి, "ఏరా, ఇది పరుపా, బంగాళాదుంపల బస్తానా? నువ్వే పడుకో చూద్దాం!" అని వీధంతా వినపడేలా అరిచాడు. పడుకోబెట్టేదాకా వదల్లేదు కూడా. ఆనాటి నుంచీ బుడాన్ పిడికెడు నమూనా లేకుండా గడప దాటి ఏ సరుకూ కొనలేదు.

"అది దూది కాదు బాబాయ్" అని ముస్తాక్ నవ్వుతూనే ర్యామ్ ఊడదీసి చేతిలో పెట్టాడు. వేలెడంత పచ్చ బిళ్ళ, దాని అంచున వరసగా బంగారు పళ్ళు. "ఆ పళ్ళకి చెయ్యి తగలనివ్వబాక. చాలా సుకుమారం."

సుకుమారమైన వస్తువుని దేంట్లో పెట్టాలో బుడాన్‌కి తెలియదా? తన దిండు మూల విప్పి, గుప్పెడు దూది లాగి, గూడులా చేసి, ర్యామ్‌ని అందులో పడుకోబెట్టాడు. పుట్టిన బిడ్డ దగ్గర్నుంచి పోయిన మనిషి దాకా అందరికీ చివరికి కావలసింది దూదే. దూది ఎవరికీ హాని చెయ్యదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం మీదే బతుకంతా గడిచింది.

శనివారం పొద్దున్నే బస్సెక్కాడు. చిలకలూరిపేట దాటాక కిటికీ పక్కన సీటు దొరికింది. రోడ్డుకి ఈ పక్క కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి, ఆ పక్క పత్తి చేలల్లో ఆఖరి తీత తెల్లగా మిగిలి ఉంది. ఎండ ఇంకా ముదరలేదు. జేబులో దూది గూడు, గూట్లో బిళ్ళ. ఇంజన్ మోత వింటుంటే విల్లు మీటుతున్నట్టే అనిపించి ఆయన కళ్ళు వాలిపోయాయి.

కలలో ఆయన ఎర్ర కల్లానికీ తెల్ల చేనుకీ మధ్య చాప పరుస్తున్నాడు. ఎంత పరిచినా ఇంకా పరవాల్సింది మిగిలే ఉంది. విల్లు ఒక్కసారి మీటాడు. కల్లంలోని కాయలన్నీ నూగై లేచాయి, ఆకాశమంతా లేత ఎరుపైపోయింది. ఆ నూగులో ఫిజా నడుస్తోంది, అడుగు కింద పడటం లేదు. "తాతా, చాప చాలట్లా" అంది. "పరుస్తున్నా తల్లీ, ఉండు" అన్నాడు. చేతిలో చాప చుట్ట తరగడం లేదు, పిల్ల మాత్రం దూరమైపోతోంది. ఆ దూరంలో ఏదో చిన్న చక్రం తిరుగుతోంది. దాన్ని ఆపాలని ఆయన చెయ్యి చాపాడు.

హాచ్చి! ముందు సీట్లో ఎవరో తుమ్మారు. వెనక సీట్లో ఇంకొకరు అందుకున్నారు. బస్సు బస్సంతా తుమ్మడం మొదలుపెట్టింది. మిర్చి యార్డు ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి. గుంటూరు వచ్చిందని ఇక కండక్టర్ చెప్పేదేముంది, ముక్కే చెబుతుంది. బుడాన్ కూడా నాలుగు తుమ్ములు తుమ్మి, జేబు తడుముకుని, గూడు భద్రంగా ఉందని చూసుకుని దిగాడు.

అరండల్‌పేటలో మేడమెట్లెక్కితే ఒక రిపేరు షాపు ఉంది. చైతన్యకృష్ణ అనే ఆయనది. నలభై దాటిన మనిషి, చుట్టూ నోళ్ళు తెరుచుకున్న లాప్‌టాప్‌లు, మధ్యలో ఈయన. చీటీ చూసి, సొరుగులోంచి ఒక బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదేనండి పెద్దాయనా, తీసుకెళ్ళండి."

బుడాన్ తొందరపడలేదు. గూడు విప్పి పాతది తీశాడు. చైతన్యకృష్ణ ఆ దూది వైపు వింతగా చూశాడు. బుడాన్ రెండు బిళ్ళల్నీ అంచులు పట్టుకుని కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళి, మిల్లులో పింజ చూసినట్టే చూడటం మొదలుపెట్టాడు. పొడుగు సరిపోయింది. పళ్ళ మధ్య గాటు అదే చోట ఉంది. పళ్ళూ అన్నే. ఇక పైన అంటించిన కాగితం. ఆయనకి ఇంగ్లీషు రాదు. రాకపోయినా ఆకారాలు కనపడతాయిగా!

"బాబూ, ఇది అది కాదు."

"రెండూ ఒకటేనండి. నాకు ఇరవై ఏళ్ళ సర్వీసు."

"నాకు యాభై ఏళ్ళది. దీని మీద మూడంకె పక్కన కాళ్ళు చాపుకుని గోడకానుకుని కూర్చున్న మనిషి లాంటి అక్షరం ఉంది. నువ్విచ్చినదాంట్లో ఆ మనిషి లేడు."

చైతన్యకృష్ణ విసుగ్గానే లేచి వచ్చాడు. కళ్ళజోడు పైకి తోసి చూశాడు. మళ్ళీ చూశాడు. "అబ్బో" అన్నాడు. "అది ఎల్ అక్షరం పెద్దాయనా. తక్కువ ఓల్టేజీ మీద నడిచే రకం. మీ లాప్‌టాప్‌కి ఇదే కావాలి. నేనిచ్చింది పెడితే గాడిలో పడుద్ది గానీ స్టార్టే కాదు. చీటీలో రాయలేదండి, నేనూ అడగలేదు. ఈ చివర అంకె వేగం, అదీ రెండింటికీ ఒకటే ఉండాలి."

"పొడుగు పింజ, పొట్టి పింజ" అన్నాడు బుడాన్.

"ఏంటండి?"

"ఏం లేదులే. నువ్వు ఆ కూర్చున్న మనిషిని వెతుకు."

గంట సేపు వెతికాడు పాపం. సొరుగులన్నీ అయ్యాక అటక మీది బిస్కెట్ల డబ్బాలో, చెడిపోయిన లాప్‌టాప్‌లలోంచి తీసి దాచినవాటిలో ఒకటి దొరికింది. అక్షరం ఉంది, అంకె కలిసింది. షాపులోనే ఒక లాప్‌టాప్‌లో వేసి, వెలిగించి చూపించాడు కూడా. వెండి రంగు కవర్లో పెట్టి ఇస్తూ, "మీలాగా సరిచూసి కొనేవాళ్ళు పది మంది ఉంటే నా షాపుకి సగం గొడవలు తగ్గుతాయి పెద్దాయనా" అన్నాడు. ఆ మాటకి బుడాన్ ఛాతీ కాస్త ఉబ్బింది, అబద్ధమెందుకు!

ఉబ్బడమే కొంప ముంచింది. మెట్లు దిగుతుంటే ఆ కవరు కరకరలాడింది. ప్లాస్టిక్ అంటే ఆయనకి మొదట్నుంచీ గిట్టదు. ఇంత సుకుమారమైన వస్తువు ఇందులో ఉక్కబోసి చావదూ? కొత్త బిళ్ళని తీసి పాతదాని పక్కనే దూది గూట్లో పడుకోబెట్టాడు. కవరు ఉండచుట్టి మెట్ల కింద బుట్టలో వేశాడు. ఇంటికొచ్చేదాకా జేబు మీద చెయ్యి తియ్యలేదు.

ఆదివారం తొమ్మిదింటికి ముస్తాక్ వచ్చాడు. రెండు బిళ్ళల్నీ రెండు గాళ్ళలో టక్‌టక్‌మని నొక్కాడు. బ్యాటరీ పెట్టి మీట నొక్కాడు. చిన్న దీపం వెలిగింది గానీ తెర నల్లగానే ఉండిపోయింది.

తీసి మార్చి పెట్టాడు. నలుపే. బిళ్ళల పళ్ళని పెన్సిలు చెరిపే రబ్బరుతో రుద్ది పెట్టాడు. నలుపే. కొత్తది తీసేసి పాతది ఒక్కటే పెట్టాడు, నిన్నమొన్నటిదాకా బాగా పనిచేసిందేగా. అదీ నలుపే. ముస్తాక్ మొహంలో నవ్వు పోయింది.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది" అంది ఖుర్షిదా గుమ్మంలోంచి. "నాలుగో నిమిషం దాకా అన్నా నడిచేది ముండది!"

చైతన్యకృష్ణకి ఫోన్ చేశారు. ఆదివారం షాపు లేదు. "నేను వేసి చూపించే ఇచ్చాగదండీ, పెద్దాయన్నే అడగండి" అన్నాడాయన, ఆ మాటా నిజమే. ముస్తాక్ మధ్యాహ్నం దాకా తంటాలు పడి, రెండు బిళ్ళల్నీ ఊడదీసి పక్కన పెట్టి, చెమట తుడుచుకుని, "బోర్డే పోయినట్టుంది ఫిజా. చీరాలలో నా ఫ్రెండున్నాడు, వాడి దగ్గర ఇంకో లాప్‌టాప్ ఏమన్నా దొరుకుద్దేమో కనుక్కుంటా" అని బండెక్కాడు. దొరికినా సినిమా ఇందులోనే ఉంది, దీన్ని అందులోకి మార్చేసరికి ఆరు కాదు, తొమ్మిదవుతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు.

ఫిజా నేల మీద కూర్చుని ఉంది. చేతిలో బ్యాటరీ. చాలా సేపు దాన్నే చూసి, పక్కన పెట్టి, లేచింది.

"పోనీలే తాతా" అంది.

ఏడవలేదు. లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఏ మాట వినకూడదని బుడాన్ వారం రోజులుగా భయపడుతున్నాడో ఆ మాట వినేశాడు. ఒకప్పుడు దూది ఏకిన అరుగు మీద, తెరిచి బోర్లించిన లాప్‌టాప్ ముందు చతికిలబడ్డాడు. తిట్టుకుందామంటే ఎవర్ని తిట్టుకోవాలో తెలియలేదు.

మూడయింది. పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా దిగి అరుగు మీద పరుచుకుంది. ఒకప్పుడు సరిగ్గా ఈ వేళకే ఆయన పని ఆపేవాడు. ఏకిన దూదిని పిడికిట పట్టుకుని ఈ వాలు వెలుగులో పెట్టి చూసేవాడు. నెత్తి మీది ఎండలో కనపడని ఆకు నలుసులు వాలు ఎండలో ఒక్కటీ దాక్కోలేవు. ఇప్పుడు చేతిలో దూది లేదు. వెలుగులో ధూళి మాత్రం మెల్లగా తిరుగుతోంది, పైకీ కాదు, కిందకీ కాదు. ఆయన కళ్ళు దాని వెంట తిరుగుతున్నాయి. మెలకువో కలో తెలియని ఆ చోటికి ఎప్పటిలాగే వెళ్ళిపోయాడు. గోడ మీద విల్లు జుమ్మంది. తలెత్తాడు. ఒక నూగు పోగు గాలిలో ఊగుతూ, ఆగుతూ, దిగుతోంది. ఎనిమిదేళ్ళయింది, ఈ ఇంట్లో నూగు ఎక్కడిది? అది దిగి లాప్‌టాప్ అంచు మీద వాలింది. దాని పక్కన, ఖాళీ గాడి లోపల, బంగారు పళ్ళకి అడ్డంగా, ఇంకేదో సన్నగా మెరిసింది.

బుడాన్ పూర్తిగా మేలుకున్నాడు.

"ఖుర్షిదా! ఫ్యాను ఆపు! కొబ్బరి ఈనె ఒకటి పట్రా!"

ఆ గొంతు విని ఖుర్షిదా ఎదురు మాట్లాడకుండా ఫ్యాను ఆపింది. నలభై ఐదేళ్ళలో మొదటిసారి. చీపురులోంచి ఈనె విరిచి తెచ్చింది. బుడాన్ లాప్‌టాప్‌ని ఎండకి వాలుగా పట్టుకోమని ఆవిడకిచ్చాడు. గాడిలో ఒక పోగు, లోపలికి ఇంకొకటి, రెండో గాడిలో మరొకటి. ముస్తాక్ బిళ్ళల పళ్ళనైతే రుద్దాడు గానీ, అవి దిగే గాడిలోకి ఎవరు తొంగిచూశారు? బిళ్ళని నొక్కినప్పుడల్లా పోగులు ఇంకా లోపలికి దిగాయి.

అవి ఎవరి పోగులో ఆయనకి చెప్పేవాళ్ళు అక్కర్లేదు. ఆ తెలుపు, ఆ పింజ తన దిండువే.

ఒక్క క్షణం చెయ్యి ఆగిపోయింది. కవరు ఉండచుట్టి బుట్టలో వేసిన చెయ్యి కూడా అదే. ఛాతీ ఉబ్బించుకుని మెట్లు దిగిన మనిషి గుర్తొచ్చి సిగ్గేసింది. తర్వాత ఈనె కొస గాడిలో ఆనించి, వత్తి చేసినట్టు రెండు వేళ్ళ మధ్య నెమ్మదిగా తిప్పాడు. లాగలేదు, పొడవలేదు. పోగు ఈనెకి చుట్టుకుని తనే బయటికొచ్చింది. రెండోదీ వచ్చింది. మూడోది లోతుగా ఉంది, దానికి ఊపిరి బిగబట్టాడు. అదీ వచ్చింది.

"ఫిజా! ఇట్రా తల్లీ!"

ఫిజా తలుపు తీసుకుని వచ్చింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. బుడాన్ ఈనె చూపించాడు.

"ఈ దూది నాదే. గుంటూరాయన కవర్లో పెట్టే ఇచ్చాడు. నేనే కవరు పారేసి దూదిలో చుట్టి తెచ్చా. మీ ముస్తాక్ తప్పు కాదు, ఆ బోర్డు తప్పూ కాదు. నాది తప్పు."

ఖుర్షిదా నోరు తెరిచింది. "ఏకై వచ్చి మేకై కూర్చోడం అంటే ఏందో అనుకున్నా ఇన్నాళ్ళూ. నీ పుణ్యమా అని కళ్ళారా చూశానయ్యా!"

ఫిజా ఈనె మీది పోగులవైపు ఒకసారి చూసింది, గోడ గడియారం వైపు ఒకసారి చూసింది. నాలుగుకి పది నిమిషాలుంది. పొద్దుట్నుంచి ముస్తాక్ పదిసార్లు చేస్తుంటే చూసిందిగా, బిళ్ళని ఏటవాలుగా గాడిలో దించి, పడుకోబెట్టి నొక్కింది. టక్. రెండోది. టక్. బ్యాటరీ పెట్టి, లాప్‌టాప్ తిప్పి, మీట మీద వేలు పెట్టి కళ్ళు మూసుకుంది.

"వెలిగిందే!" అని అరిచింది ఖుర్షిదా.

తెర మీద తెల్లగా వెలుగు. నాలుగూ నాలుగూ కలిసి ఎనిమిది అని చూపించింది. ఫిజా ఇక ఎవరి మొహమూ చూడలేదు. వేళ్ళు మీటల మీద పరుగెత్తాయి. సినిమా మొత్తం ఒకే ఫైలుగా తయారవడానికి గంట పైన పడుతుందట. తెర అడుగున సన్నటి గీత ఒకటి ఎడమ నుంచి కుడికి పాకడం మొదలుపెట్టింది. బుడాన్ దాని పక్కనే కూర్చున్నాడు. ఖుర్షిదా టీ పెట్టింది, ఎవరూ తాగలేదు. మధ్యలో ముస్తాక్ చీరాల నుంచి ఫోన్ చేసి, సంగతి విని, "కొబ్బరి ఈనెతోనా?" అని మూడుసార్లు అడిగాడు. నాలుగో నిమిషం దగ్గరికొచ్చేసరికి బుడాన్ గీతవైపు చూడలేక తల తిప్పుకున్నాడు. గీత అక్కడ ఆగలేదు. చక్రం రానేలేదు.

అయిదూ ఇరవైకి అయిపోయింది. ఫోన్ డేటా పెట్టి పంపడం మొదలుపెట్టింది. అది ఒక పక్క వెళ్తుండగానే, "రా తాతా, చూద్దువుగానీ" అంది.

విల్లు మోగింది. తెర మీద ఎర్రటి కల్లాలు, తెల్లటి చేలు, మధ్యలో ఒక చిన్న ఇల్లు. అరుగు మీద సగం నిద్రలో ఉన్నట్టుండే ముసలాయన దూది ఏకుతున్నాడు. మీటినప్పుడల్లా నూగు మబ్బై లేస్తోంది, ఇల్లు మొత్తం నేల మీద నుంచి జానెడు పైకి తేలుతోంది. "నువ్వేగా అది, గురక ఒక్కటే తక్కువ" అంది ఖుర్షిదా. నాలుగో నిమిషం వచ్చింది. సాయంత్రమైంది, దిండ్ల గుట్ట మీద నిలబడిన పిల్ల ముసలాయన కనుబొమల మీది నూగు తీస్తోంది. ఆఖరి పోగు అరచేతిలో పెట్టుకుని ఊదింది. పోగు కల్లాల మీదుగా, లారీల మీదుగా, రైలు పట్టాల మీదుగా ఎగిరి ఎగిరి వెళ్ళింది. కింద ఇల్లు చుక్కంతయింది. ఎక్కడో దూరాన, పేరు తెలియని పెద్ద ఊళ్ళో, ఎత్తయిన కిటికీ దగ్గర ఒక అమ్మాయి కూర్చుని బొమ్మ గీసుకుంటోంది. పోగు వచ్చి ఆమె చొక్కా చేతి మీద వాలింది. ఆమె దులిపేయబోయి, ఆగింది. విల్లు ఒక్కసారి మోగి ఊరుకుంది.

బుడాన్ కళ్ళు తుడుచుకోలేదు. కారనిచ్చాడు. ఆ కిటికీ దగ్గర కూర్చున్న పిల్లని చూసి సంతోషపడాలో బెంగపడాలో తెలియక రెండూ ఒకేసారి పడ్డాడు.

"అయిదూ యాభై. వెళ్ళిపోయింది తాతా" అంది ఫిజా ఫోన్ చూసి. అప్పుడు ఏడ్చింది, వెక్కి వెక్కి, నవ్వుతూ. "నిన్ను తిట్టాలనే ఉంది. కానీ నీ నూగు నన్ను వదలదని నేనే గీసి పెట్టుకున్నాగా, ఇక ఎవర్ని తిట్టను?"

ముక్కు తుడుచుకుని దగ్గరికి జరిగి, ఆయన మొహంలోకి చూసింది. "కదలొద్దు" అంది.

బుడాన్ కదల్లేదు. ఎడమ కనుబొమ మీద ఇందాకటి నూగు ఒకటి అంటుకుని ఉంది. చిటికెన వేలితో తీసి, అరచేతిలో పెట్టుకుని, అలవాటు కొద్దీ పెదవులు దగ్గరికి తెచ్చింది.

బుడాన్ ఆ చెయ్యి పట్టుకుని వేళ్ళు మూశాడు.

"ఇప్పుడే ఊదబాక తల్లీ" అన్నాడు.